పొలుసు దిగి నడిచిన కణం

ఆగస్టు 6

ఇవాళే రాయాలి. రేపటికి ఇది అలవాటైపోతుంది, అలవాటయ్యాక ఇలా రాయలేను. ల్యాబు పుస్తకంలో చూసింది మాత్రమే రాయాలని మేడం నియమం. అనిపించింది రాయడానికి అక్కడ చోటు లేదు. అందుకే ఈ పుస్తకం. అన్నకు సిమెంటు దుకాణం వాళ్లిచ్చిన నిరుటి డైరీ. పాత తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను.

సరే. ఇవాళ ఒక కణం నడవడం చూశాను.

కొర్రమట్ట చేప పక్క నుంచి ఒక పొలుసు పట్టకారుతో లాగి, గాజు పలక మీద పరిచి, పైన ఇంకో పలుచని గాజు మూసి, ఉప్పు ద్రావణం కొన్ని చుక్కలు వేసి వదిలేశాను. అన్నం తిని వచ్చి చూస్తే పొలుసు అంచు నుంచి చర్మకణాలు చాపలా పరుచుకుని ఉన్నాయి. వాటిలోంచి ఒకటి విడిపోయింది. ముందువైపు విసనకర్రలా పలుచగా, వెనక ముద్దలా. గాజు మీద ఒక గీటు ఉంది, ఎప్పుడో పడ్డ మచ్చ. కణం ఆ గీటు దగ్గరికి వచ్చింది... దాటింది.

నేను టేబులు కదిలించలేదు. ఊపిరి కూడా సరిగ్గా తీసుకోలేదు. అదే నడిచింది.

ఫరీద్ భాయ్‌ని పిలిచాను. నాకంటే ఎన్నో ఏళ్లు ముందు చేరిన సీనియరు, ఈ ల్యాబులో అన్నీ చూసేసినవాడు.

"క్యా హువా అనసూయా, పాము కనవడ్డదా?"

"కణం నడుస్తున్నది భాయ్."

"నడవక? ఆటో ఎక్కి పోతదా?"

అన్నాడు గానీ స్టూలు లాక్కుని తనూ కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు.

ఆగస్టు 7

ముత్తంగి దగ్గర లారీలు అడ్డం తిరిగి బస్సు ఆలస్యం. ఇంటికి చేరేసరికి అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చెప్పాను. చేతులు ఆగాయి.

"కండ్లు లెవ్వు, కాళ్లు లెవ్వు. ఎట్ల నడుస్తదే?"

మేడం ప్రాజెక్టు మొదటి పేజీలో ఉన్న ప్రశ్న ఇదే. అక్కడ ఇంగ్లీషులో, ఇంకా పొడుగ్గా ఉంటుంది.

ఆగస్టు 11

రాసి చూసుకుంటేనే నాకు అర్థమవుతుంది. పదో తరగతి నుంచీ అంతే.

కణంలో ఆక్టిన్ అనే ప్రోటీను ఉంటుంది. చిన్న చిన్న బిళ్లలు. బిళ్లకు బిళ్ల అంటుకుంటూ పోతే దారం. దారం పెరిగి కణం ముందు పొరను నెడుతుంది — పొర ముందుకు జరుగుతుంది — అదే అడుగు.

కానీ ఆక్టిన్‌ను దాని ఇష్టానికి వదిలేస్తే కణం ఎటూ పోదు. దారాలు ఎక్కడంటే అక్కడ పెరుగుతాయి, బిళ్లలు అయిపోతాయి, ఆగిపోతుంది. ఆక్టిన్‌ను పట్టుకుని పని చేయించే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. ప్రొఫిలిన్ బిళ్లలు అందిస్తుంది. ఇంకొకటి దారం పక్క నుంచి కొమ్మ లేపుతుంది. మరొకటి దారం కొసకు మూత పెడుతుంది, ఇక చాలు అన్నట్టు. ఆల్ఫా ఆక్టినిన్ రెండు దారాలను కలిపి కడుతుంది. కోఫిలిన్ పాతబడ్డ దారాన్ని తుంచి మళ్లీ బిళ్లలు చేస్తుంది.

నా వంతు కోఫిలిన్.

ఫరీద్ భాయ్ — "ఇంతమందిల నీకు ఇరగ్గొట్టెటోడే దొరికిండా?"

మేడం నవ్వలేదు. "వాడు లేకపోతే కణం నాలుగడుగులేసి ఆగిపోతుంది. కొర్రమట్ట కణంలో వాడెక్కడ నిలబడతాడో ఎవరూ చూడలేదు. నువ్వు చూడు."

ఎవరూ చూడలేదు. నువ్వు చూడు. బస్సులో పటాన్‌చెరు వచ్చేదాకా ఈ రెండు మాటలే.

ఆగస్టు 15

సెలవు. అన్న కూడా ఇంట్లోనే. సెంట్రింగు మేస్త్రి దగ్గర పని వాడిది — స్లాబు పోసే ముందు కింద కర్రలు, రేకులు నిలబెట్టడం, స్లాబు గట్టిపడ్డాక విప్పడం. పొద్దున చాయ తాగుతూ అడిగాను.

"ఒక్క ఇంటికి సరిపడ కర్రలే ఉన్నయనుకో. వరుసగ ఇండ్లు కట్టుకుంట పోవాలె. ఎట్ల చేస్తరు?"

"ఎట్ల చేస్తమే? ఎనక ఇంటికాడ ఇప్పుతం, ముంగటి ఇంటికాడ పెడ్తం."

"ఇప్పెటోడు రాకపోతే?"

"పెట్టెటోడు బీడి తాక్కుంట కూసుంటడు."

"గదే కోఫిలిన్."

చాయ గ్లాసు కింద పెట్టాడు. "మరి జల్దీపడి పచ్చి స్లాబు కిందియి ఇప్పితే?"

"కూలుతది. గందుకే అది ముంగటికి రావొద్దు, జెర ఎనక ఉండాలె. వేరే చేపలల్ల గట్లనే ఉన్నదట. మన కొర్రమట్టల ఏమున్నదో నేను సూడాలె."

"అంటే నువ్వు చదివేది మా సెంట్రింగేనా? గింతదానికి ఎమ్మెస్సీ ఎందుకే, నా ఎంబడొస్తే ఒక ఎండకాలంల నేర్పేటోన్ని గద!"

నాయిన మంచం మీద పడుకునే నవ్వుతున్నాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు, నిద్రపోయాడనుకున్నాం.

నేను చదివేది ఈ ఇంట్లో వాళ్లకు అర్థమైంది. ఇది ల్యాబు పుస్తకంలో రాయలేను కదా.

ఆగస్టు 20

మొదటిసారి రంగు వేశాను. ఒక పుట్టగొడుగు విషానికి ఎర్ర రంగు తగిలించి అమ్ముతారు, అది ఆక్టిన్ దారాలకే అంటుకుంటుంది. చీకటి గది, ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు. కన్ను పెట్టాను — నల్లటి నేల మీద ఎర్రటి విసనకర్ర. ముందు అంచున అల్లిక ఎంత దట్టమో. వెనక్కి పోయేకొద్దీ పలుచబడి.

కంట్రోలు, అంటే సరిచూసుకునే గాజు, కూడా చేశాను. కోఫిలిన్‌ను వెతికి పట్టుకునేది ఒక యాంటీబాడీ. ఆ యాంటీబాడీ మీద అంటుకుని వెలిగేది ఒక పచ్చ రంగు. యాంటీబాడీ వేయకుండా పచ్చ రంగు మాత్రమే వేస్తే ఏమీ వెలగకూడదు. వెలగలేదు. నలుపు. మంచిది. మైక్రోస్కోపు ల్యాంపు ఆయుష్షు చూసుకుని వాడాలి, అందరికీ అదొక్కటే. కాబట్టి ఇది మళ్లీ చేయనక్కర్లేదని రాసుకున్నాను.

యాంటీబాడీ చిన్న సీసాలో అడుగున ఉంది. ఎవరో విదేశం నుంచి మేడంకు ఇచ్చినది. చుక్కలే.

ఆగస్టు 23

పిల్లి! ల్యాబు వరండాలో బకెట్‌లో పెట్టిన కొర్రమట్టలన్నీ... ఒక తల మాత్రం మిగిల్చింది.

ఫరీద్ భాయ్ — "దానికి గుడ ఫెలోషిప్ ఇయ్యాలె."

ఆగస్టు 25

పటాన్‌చెరు అంగట్లో కొత్త చేపలు కొన్నాను. ఇక ఇంట్లోనే ఉంచుతాను. బర్రెలు అమ్మినప్పటి నుంచి కుడితి గోలెం ఖాళీగానే ఉంది. అమ్మ దాన్ని పీచుతో తోమి, బోరు నీళ్లు నింపి, మీద జాలీ కప్పి, పిల్లి ఎత్తలేనంత రాయి పెట్టింది.

"అమ్మా, ఇవి కూరకు కాదు."

"ఎరికే తియ్యి. నీ సదువు చేపలు."

ఇక వాటి పేరు అదే.

సెప్టెంబర్ 2

పొద్దున చేపల్ని పాల క్యానులో పెట్టుకుని బస్సెక్కుతున్నాను, పొలుసు తీశాక సాయంత్రం మళ్లీ గోలెంలోకే. కొర్రమట్ట గట్టిది, పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, నీళ్లు కాసిన్ని ఉన్నా బతుకుతుంది. వేరే చేపైతే లింగంపల్లి రాకముందే పోయేది.

కండక్టరు — "పాలామ్మా?"

"చేపలన్నా."

"బతికున్నయా?"

"ఆ."

"మరి వాటి టికెట్?"

బస్సంతా నవ్వింది. వెనక నుంచి కంపెనీలో పనిచేసే బిహారీ అబ్బాయి మూత ఎత్తి చూసి, "కిత్నే కా, దీదీ?" అమ్మడానికి కాదంటే నమ్మలేదు. చదువుకోవడానికి అంటే అసలు నమ్మలేదు.

సెప్టెంబర్ 9

పచ్చ.

యాంటీబాడీ వేసిన మొదటి గాజు. ఎర్ర ఆక్టిన్ మీద పచ్చ కోఫిలిన్ — అంచు దాకా ఉంది. వెనక కాదు, ముందు కొస దాకా. వేరే చేపల్లో చూసినవాళ్లు రాసినదానికి తలకిందులుగా ఉంది. ఇంకో గాజు. అంతే. ఇంకోటి. అంతే.

కళ్లలో నీళ్లొచ్చేదాకా చూశాను. ఎక్కువసేపు చూసినందుకే.

సెప్టెంబర్ 10

మేడం చీకటి గదిలో కూర్చుంది. నేను వెనక నిలబడ్డాను. గాజులన్నీ ఒక్కొక్కటే చూసింది. తర్వాత తల ఎత్తకుండానే —

"అనసూయా, ఇది కొత్తది."

ఇంతే అంది. ఇంటికి నడిచి వెళ్లినా అలిసిపోయేదాన్ని కాదు.

సెప్టెంబర్ 14

రీలు కడిగించాను. మైక్రోస్కోపు మీద బిగించే కెమెరాది. పటాన్‌చెరు స్టూడియో ఆయన ప్రింట్లు చేతిలో పెడుతూ, "నీ పచ్చ రంగు జెర పసుపు దిక్కు తిరిగిందమ్మా. నా తప్పు కాదు, రీల్లనే గట్లున్నది" అన్నాడు. మందులు పాతవి పోసి రీలు మీద తోస్తున్నాడనుకున్నాను. అలాగే తీసుకున్నాను.

సెప్టెంబర్ 21

దేశం మొత్తం నుంచి కణాల మీద పని చేసేవాళ్లు కలిసే సభ ఒకటి డిసెంబర్‌లో ఉంది. మేడం మా విషయం ఒక పేజీగా రాసి పంపింది. కోఫిలిన్ కొర్రమట్టలో ముందు అంచు దాకా ఉంది అని. మొదటి పేరు నాది.

ఆ కాగితం నకలు నాయినకు చూపించాను. చదవడం రాదు, కాగితాన్ని దూరంగా పట్టుకుని చూస్తాడు.

"నీ పేరు ఏడున్నది?"

"అన్నింటికన్న ముంగట."

"మీ మేడంది?"

"ఆఖరుల."

"పెద్దోళ్ల పేరు ఎనకేస్తరా? తప్పు గాదు?"

ఆఖరు పేరే పెద్దదని, ముందు పేరు చేతులతో పని చేసినవాళ్లదని చెప్పాను. నమ్మాడో లేదో. కాగితం మాత్రం ఇవ్వలేదు, బియ్యం డబ్బా మీద పెట్టి కాసేపు ఉంచాడు.

అక్టోబర్ 10

సభ వాళ్ల దగ్గర నుంచి వచ్చింది! గోడకు అంటించే పోస్టరు కాదు, నిలబడి మాట్లాడాలట. విషయం కొత్తది కాబట్టి ఉపన్యాసానికి ఎంచుకున్నామని ఉంది. ల్యాబులో ఈ ఏడు ఇంకెవరికీ రాలేదు. ఫరీద్ భాయ్‌కి కూడా. తనే అందరికీ సమోసాలు తెప్పించాడు.

అక్టోబర్ 13

ఇంగ్లీషులో మాట్లాడడం నేర్చుకుంటున్నాను. తెలుగు మీడియం నాలుక. పొద్దున్నే గోలెం ముందు నిలబడి చేపలకే ఉపన్యాసం. అన్న పళ్లు తోముకుంటూ వింటాడు.

"నీకంటె ముందు చేపలకు ఇంగ్లీషు వస్తది సూడు."

రానీ. నేను సిగ్గుపడను. అమ్మ పక్కింటి వాళ్లతో, "మా బిడ్డ గద్దెక్కి మాట్లాడుతదట" అంటుంటే లోపల నుంచి విన్నాను. ఏం మాట్లాడుతుందని వాళ్లడిగితే, "చేపల ముచ్చట" అంది.

అక్టోబర్ 16

మేడం అంది — "ఉపన్యాసంలో కంట్రోలు చిత్రం కూడా పక్కనే చూపించాలి. పాతది వద్దు, ఈ చేపలతో ఒకటి చెయ్యి."

చేశాను. గోలెం చేప. యాంటీబాడీ లేదు. పచ్చ రంగు మాత్రమే.

వెలుగుతోంది.

ముందు అంచు దాకా. అదే చిత్రం.

అక్టోబర్ 17

ఇంకో గాజు. ఈసారి పచ్చ రంగు కూడా వేయలేదు. ఏమీ వేయలేదు. ఉత్త కణం.

అదీ వెలుగుతోంది.

అంటే మేడం చూసింది, నేను చూసింది, సభ వాళ్లు ఎంచుకున్నది — కోఫిలిన్ కాదు. ఆ వెలుగులో కోఫిలిన్ ఎక్కడో మునిగిపోయి ఉంది. మరి ఇదేమిటి?

ఎవరికీ చెప్పలేదు. ముందు ఇదేమిటో తెలుసుకోవాలి. ఊరికే "తప్పయింది" అని చెప్తే ఏం లాభం... చెప్తే ఉపన్యాసం పోతుంది. అది కూడా ఆలోచించాను. రాయకపోతే అబద్ధం.

అక్టోబర్ 19

పటాన్‌చెరు అంగట్లో కొన్న చేపను నేరుగా ల్యాబుకే తీసుకెళ్లాను. వెలగలేదు. నలుపు. ఆగస్టులో లాగే.

అయితే మా ఇంటికి వచ్చాకే ఏదో అవుతోంది. నాయినతో అన్నాను.

"నీళ్లే అయి ఉంటయి బిడ్డా. మన బోరు నీళ్లను నమ్మొద్దు."

మా దిక్కున ఏది చెడినా ముందు నీళ్లనే అనుమానిస్తాం. పాలు విరిగినా, పప్పు ఉడకకపోయినా నీళ్లే. నాకూ అదే అనిపించింది. కానీ అనిపించింది ల్యాబు పుస్తకంలో రాయకూడదు. చేసి చూడాలి.

అక్టోబర్ 22

ఇంటి బోరు నీళ్లు క్యానులో ల్యాబుకు మోసుకెళ్లి, అంగడి చేపను వాటిలో ఉంచాను. బకెట్ మీద రెండు ఇటుకలు. పిల్లి చుట్టూ తిరిగి పోయింది.

వెలగలేదు.

నీళ్లు కాదు. ఈసారికి మా నీళ్లు నిర్దోషి. మేతా కాదు, అక్కడా ఇక్కడా ఒకే మేత. మరి?

అక్టోబర్ 23

తెలిసింది.

ఒంట్లో బాగాలేదని తొందరగా వచ్చేశాను. పెరట్లోకి వెళ్తే అమ్మ గోలెం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఎడమ చేతిలో తడిగుడ్డ చుట్టిన చేప. కుడిచేతి వేళ్లతో దాని పక్కన ఏదో రాస్తోంది. పక్కనే గిన్నె.

"ఏం చేస్తున్నవమ్మా?"

"పసుపు పెడుతున్న. నువ్వు పొలుసు పీకిన కాడ ఎర్రగైంది గదనే. నోరు లేని జీవి, దానికెవరు పెడ్తరు?"

"ఎప్పటిసంది?"

"నువ్వు పీకుడు మొదలువెట్టినప్పటిసంది."

"నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె? పుండుకు పసుపు పెట్టినట్టు గుడ ఒకరికి చెప్పుకుంటరా?"

అక్కడే గోలెం అంచు పట్టుకుని కూర్చున్నాను. అమ్మ భయపడింది, జ్వరమా అని నుదుటి మీద చేయి పెట్టింది. పసుపు చేయి. నవ్వొచ్చింది. ఆపలేకపోయాను. అమ్మకు ఇంకా భయమేసింది.

చేప పొలుసు ఊడితే ఆ కణాలు పక్క నుంచి పాకుతూ వచ్చి గాయం మూస్తాయి. వాటి నడక అందుకే. మా అమ్మ కూడా అదే గాయం మూయాలని చూసింది. ఇద్దరికీ మధ్య నేను కెమెరా పెట్టుకుని కూర్చున్నాను.

అక్టోబర్ 24

ఖాయం చేసుకున్నాను. అంగడి చేపకు నేనే పసుపు రాశాను. ఏ రంగూ వేయకుండా నీలం వెలుగు వేస్తే పచ్చగా, కాస్త పసుపుగా, అంచు దాకా వెలిగింది. స్టూడియో ఆయన చెప్పింది నిజమే. ఆయన మందుల్ని అనుమానించాను.

ఫరీద్ భాయ్‌కి చెప్పాను. ముందు పగలబడి నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి —

"చుప్ ఉండు. ఆగస్టుల తీసిన నల్ల కంట్రోలు ఉన్నది గద, గదే పెట్టు. పది నిమిషాల ముచ్చట. ఎవడడుగుతడు?"

"నాకు తెలుసు గద భాయ్."

"తెలిస్తే పరేషాన్. తెల్వకపోతే ఉపన్యాసం."

సగం హాస్యం. సగం కాదు. తన రెండేళ్ల పని ఎలా పోయిందో ఒకసారి చెప్పాడు, అందుకే తన మీద నాకు కోపం రాలేదు. కానీ ఆ పాత చిత్రం ఈ చేపలది కాదు. అది పక్కన పెట్టి నిలబడితే నా నోట్లోంచి ఇంగ్లీషే కాదు, తెలుగు కూడా రాదు.

అక్టోబర్ 25

మేడంకు చెప్పేశాను. గాజులన్నీ వరుసగా పెట్టి, ఒక్కొక్కటీ చూపించి. అంగడి చేప. ఇంటి చేప. ఇంటి నీళ్లలో అంగడి చేప. పసుపు రాసిన అంగడి చేప. వరుసగా చెప్తూ పోతుంటే గొంతు గట్టిపడింది.

మేడం అన్నీ చూసి వెనక్కి వాలింది.

"ఇదంతా ఎవరు చెయ్యమన్నారు?"

"ఎవరూ చెయ్యమనలేదు మేడం."

"నీళ్ల పరీక్ష కూడా నువ్వే అనుకున్నావా?"

"అవును మేడం."

కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "కంట్రోలు సెప్టెంబర్‌లోనే అడగాల్సింది నేను. కొత్తది అనగానే నేనూ తొందరపడ్డాను." అద్దాలు మళ్లీ పెట్టుకుని, "ఇప్పుడేం చేద్దాం?"

ఏం చేద్దాం అని నన్ను అడిగింది. ఇదివరకు ఏం చెయ్యాలో చెప్పేది.

పసుపు తగలని చేపతో మళ్లీ వేద్దామన్నాను. సీసా ఎత్తి వెలుగుకు పట్టి చూశాం. అడుగున చెమ్మ. ఒక్కసారికి వస్తుందేమో.

అక్టోబర్ 28

రేపు వేస్తాను. చేప ల్యాబులోనే ఉంది. అమ్మకు గట్టిగా చెప్పాను, ఈ చేపను ఇంటికి తేను అని.

"మరి దాని పుండు?"

"అదే మానుతది అమ్మా. దాని కణాలే నడిచొచ్చి మూస్తయి."

"నడిచొస్తయి సరే. పసుపు పెడితే జల్దీ నడుస్తయేమో, సూసినవా?"

చూడలేదు. అదొక ప్రశ్నే. తర్వాత.

అక్టోబర్ 29

ఉంది.

కోఫిలిన్ ఉంది. ముందు అంచున ఎర్ర గీత ఒక్కటే — కొత్త దారాలు, ఎవరూ ముట్టనివి. దాని వెనక సన్నని సందు. ఆ సందు వెనక నుంచి పచ్చ మొదలై, ముద్ద దాకా. తుంచేవాడు ముందుకు రాలేదు. పచ్చి స్లాబు కింద చేయి పెట్టలేదు. వెనక నిలబడి పాతవి విప్పుతున్నాడు.

కంట్రోలు నలుపు. అదే చేప, అదే రోజు, అదే ల్యాంపు.

సీసా ఖాళీ.

వేరే చేపల్లో చూసినవాళ్లు చెప్పిందే కొర్రమట్టలోనూ. సభకు ఇది కొత్త కాదు. కానీ కొర్రమట్టలో చూసినది నేను, ఇది ఎవరు మళ్లీ చేసినా ఇలాగే వస్తుంది. సెప్టెంబర్ 9న కూడా ఇంత సంతోషం లేదు. అప్పుడు లోపల ఎక్కడో భయం ఉండేది, ఇప్పుడే తెలుస్తోంది.

ఫరీద్ భాయ్ వచ్చి చూశాడు. పోతూ పోతూ, "నా పాత గాజులకు గుడ ఒక కంట్రోలు చేసిపెడ్తవా?" అన్నాడు. హాస్యం అనుకుని చూశాను. కాదు.

నవంబర్ 2

కొత్త ప్రింట్లు. స్టూడియో ఆయన — "ఇప్పుడు మంచిగ పచ్చగున్నది." ఆయనకు సారీ చెప్పాను. ఎందుకో ఆయనకు తెలియదు.

అన్న ఫోటో చూసి వేలు పెట్టి చూపించాడు. "గీ సందు ఏంది?"

"ఇంకా ఇప్పకూడని జాగ."

"మస్తు మేస్త్రి ఉన్నడు లోపట."

నవంబర్ 4

సభ వాళ్లకు చెప్పాలి. మేడం తను రాస్తుందనుకున్నాను.

"ముందు పేరు నీది. నువ్వు రాయి, నేను కింద సంతకం పెడతాను. ఇంగ్లీషు కుదరకపోతే ముందు తెలుగులో రాసుకో. ఏం చెప్పాలో తేలితే భాష అదే వస్తుంది."

వాళ్లు ఉపన్యాసం ఇచ్చింది కొత్తదని. అది పోయాక ఉంచుతారా? మేడం కూడా చెప్పలేనంది. "తీసేస్తే తీసేస్తారు. పోస్టరైనా పెడదాం." ఊళ్లో అమ్మ అందరికీ గద్దె ముచ్చట చెప్పేసింది. నాయినతో అంటే — "గద్దె ఎక్కినంక తప్పని తెలిస్తే దిగనీకి మెట్లుండయి బిడ్డా. కిందున్నప్పుడే చెప్పు."

నవంబర్ 5

చిత్తు రాయడం మొదలుపెట్టాను. మొదట "ఇంట్లో ఒకరు" అని రాశాను. కొట్టేసి "మా అమ్మ" అని రాశాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి —

"నా ముచ్చట గుడ రాస్తున్నవా?"

"రాస్తున్న."

"ఇజ్జత్ తీసినవ్ పో. పసుపు మంచిదే అని గుడ రాయి జెర."

అది రాయలేదు. చూడనిది రాయకూడదు.

చిత్తు ఇదీ, రేపు ఇంగ్లీషులోకి —

"అయ్యా, సెప్టెంబర్‌లో మేము పంపిన పేజీలో, కొర్రమట్ట చర్మకణంలో కోఫిలిన్ ముందు అంచు దాకా ఉంటుందని రాశాము. అది తప్పు. ఆ చిత్రంలో అంచున వెలిగింది పసుపు. పొలుసు తీసిన చోట చేపల గాయాలకు మా అమ్మ పసుపు రాసింది. అది కణాలకు అంటుకుని మా పచ్చ రంగులాగే వెలిగింది. ఆ చేపలతో కంట్రోలు చేయకపోవడం నా పొరపాటు. పసుపు తగలని చేపతో మళ్లీ చేశాను. కోఫిలిన్ ముందు అంచుకు కొంచెం వెనక నుంచి మొదలవుతుంది. ఇతర చేపల్లో ముందే చూసినవారి మాటతో ఇది సరిపోతుంది. పాత చిత్రం, కొత్త చిత్రం, రెండింటి కంట్రోళ్లు జత చేస్తున్నాను. విషయం కొత్తదని మీరు నాకు ఉపన్యాసం ఇచ్చారు. ఇప్పుడు అది కొత్తది కాదు. అయినా ఈ నాలుగు చిత్రాలు పక్కపక్కన పెట్టి, ఎలా తప్పు చూశానో, ఎలా సరిచూశానో నిలబడి చెప్పాలని నాకు ఉంది. ఆ సమయం నాకే ఉంచుతారో, వేరొకరికి ఇస్తారో, నవంబర్ 20లోగా తెలియజేయగలరు."